మట్టితో సహా తేవాలనుకున్న పువ్వు

ఆగస్టు మొదటి వారం. పొద్దున్న ఆరింటికి విజయనగరంలో పాసింజరు ఎక్కాను. ఒళ్లో ఖాళీ మట్టికుండీ, సంచిలో చిన్న తవ్వుగోల. నెలాఖరున మా ఆవిడ సంవత్సరీకం. ఆ రోజుకి ఆమె పుట్టింటి కొండమీది తెల్లపువ్వు మా పెరట్లో ఉండాలని నా పంతం.

దాని రేకుల అంచులు దువ్వెన పళ్లలా చీలి ఉంటాయి. సాయంత్రమైతే వాసనేస్తుంది. ఆమె ఉండగా మూడు వానాకాలాలు తెచ్చాను. ప్రతిసారీ దుంపల్ని శుభ్రంగా కడిగి, మాగిన ఎరువులో నాటాను. తోటపనిలో నన్ను మించినవాడు లేడని గొప్ప. అన్నీ కుళ్లిపోయాయి. ఆమె పోయాక ఒక నర్సరీ ఆయన చెప్పాడు: ఆ మొక్క గింజ ధూళంతే, అందులో తిండి ఉండదు. మట్టిలో ఒక రకం బూజు తిండి పెడితేనే మొలుస్తుంది. పెరిగాక కూడా దాని ఆసరా కావాలి. నేను కడిగి పారబోసింది ఆ బూజునే.

తొమ్మిదిన్నరకి రాయగడలో దిగి వడ, ఘుగుని అనే బఠాణీ కూర తిన్నాను, ముప్ఫై రూపాయలు. పది గంటల కొరాపుట్ బస్సులో లక్ష్మీపూర్ చేరేసరికి ముసురు పట్టింది. అక్కడ కిరాణా కొట్టు నడిపే మా బావమరిది భోజనం పెట్టి, గొడుగు పట్టుకుని తనూ వచ్చాడు.

కొండవాలంతా గంటసేపు వెతికాం. ఒకే ఒక్క మొక్క కనిపించింది, మూడు పువ్వులతో. తవ్వుగోల తీశాను. బావమరిది గొడుగు నా మీదికి వంచాడు.

"అక్క సిన్నప్పుడు ఈ వాలంతా తెల్లగుండేది బావా. కొన్ని మేకలు తినేసేయి. మిగతావి నువ్వు పట్టుకెళ్లేవు. ఇది కూడా తవ్వమంటే నేనే తవ్వుతాను. సెప్పు."

తవ్వుగోల సంచిలో పెట్టేసి, గొడుగు కిందనుంచి జరిగి కాసేపు ఆ మొక్క పక్కనే తడిశాను.

మర్నాడు తిరుగు రైల్లో ఎదురు సీటు పెద్దావిడ, "ఖాళీ కుండీ అంత దూరం నుంచి మోసుకొస్తన్నారేటండి?" అని అడిగింది. పువ్వు కోసం వెళ్లానని చెప్పి, దొరకలేదని అబద్ధమాడాను.

ఎవరైనా ఆ కొండకి వెళ్తే వానల్లో వెళ్లండి, ఇంట్లోవాళ్లని తీసుకెళ్లండి. మా ఆవిడ ఆ పువ్వుని తెమ్మని ఏనాడూ అడగలేదు. "ఒక్కసారి ఎల్లి సూసొద్దామండీ" అనేది. నీకెందుకు శ్రమ, నేనే తెస్తానని ఒక్కణ్నే బయల్దేరేవాణ్ని.