లాగితే వచ్చే బొత్తాం తొడుగులు

మూడేళ్లుగా నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. పెళ్లిళ్లలో అడిగాను, పరామర్శల్లో అడిగాను, ఫోనులోనూ అడిగాను. మావాళ్లెవరూ జవాబు చెప్పరు. "మళ్లీ మొదలుపెట్టాడు" అని పక్కకి తిరిగి పులిహోర వడ్డించుకుంటారు. అందుకే ఇక మీతో చెప్పుకుంటున్నాను. ఏలూరులో ఒక పెద్దమనిషికి జీవితంలో ఒక్కసారి వచ్చిన సన్మానాన్ని అయిదు బొత్తాలతో ఎలా ముంచేశానో మొత్తం చెబుతాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. చివర్లో ప్రశ్న మాత్రం నాది.

ఆ పెద్దమనిషి మా బావగారు, అంటే మా అక్క భర్త. హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేనేమో ఆకివీడులో చేపల ప్యాకింగ్ షెడ్డులో సూపర్‌వైజర్ని. ఇరవై ఏళ్లుగా ఐసు, చేప, లారీ, ఇదే నా లోకం. అక్క అత్తవారి వైపు చుట్టాలు నన్ను ఏనాడూ లెక్కలో వేసుకోలేదు. తాడేపల్లిగూడెంలో జరిగిన బావగారి మేనకోడలి పెళ్లి ఆల్బంలో నా మోచెయ్యి ఒక్కటే ఉంది. అది నాదేనని ఇప్పటికీ నేనే వేలు పెట్టి చూపించాలి. బావగారొక్కరే ఆ పేజీ వచ్చినప్పుడల్లా ఆగి, "ఇదిగో మా సత్యం" అనేవారు.

బావగారి చొక్కాలన్నీ తెలుపు. బొత్తాలు మాత్రం ఏ రెండూ ఒకదానికొకటి చుట్టాలు కావు. ఊడినప్పుడల్లా అక్క డబ్బాలో చేతికి దొరికినదాన్ని కుట్టేసేది. రిటైర్మెంటు సభ ఖాయమయ్యాక ఫోనులో అక్కది ఒకటే బాధ.

"కొత్త చొక్కా కొందామంటే వద్దంటున్నార్రా. వేదిక మీద ఆ బొత్తాలతో కూర్చుంటారట. నలుగురూ నన్నేమనుకుంటారు?"

"బొత్తాలు మార్చకుండానే అందంగా చేస్తే?"

"నువ్వు ఊరుకో తమ్ముడూ."

ఊరుకోమంటే ఊరుకునేవాణ్నే అయితే ఈ కథే లేదు.

మా షెడ్డులో రోజూ గుట్టలుగా పారబోసే శీలావతి చేప పొలుసులు ఎండలో ముత్యాల్లా మెరుస్తాయి. వాటిని ఉప్పునీళ్లలో కడిగి, ఆరబెట్టి, పూరేకుల్లా కత్తిరించి, పల్చటి అల్యూమినియం బిళ్ల మీద పువ్వులా అంటించి వార్నిష్ పూశాను. మొదటిది అప్పడమంత వచ్చింది. రెండోదాని బరువుకి చొక్కా ఒక పక్కకి ఒరిగిపోయింది. ఏడోసారికి బొత్తాన్ని కప్పే తొడుగులా కుదిరింది. అలాంటివి అయిదు చేశాను. బిళ్ల వెనకాల చీలిక ఉన్న చిన్న రేకు ఉంటుంది. దాన్ని బొత్తాం కింద దారానికి తోస్తే కరుచుకుంటుంది, లాగితే వచ్చేస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. లాగితే వచ్చేస్తుంది.

నేనేం అంత తెలివితక్కువవాణ్ని కాదు. వాసన సంగతి కూడా పరీక్ష చేశాను. షెడ్డులో తూకం వేసే సూరిబాబు ముక్కు దగ్గర పెట్టాను.

"ఏవన్నా వస్తోందా సూరిబాబూ?"

"ఏం రావాలండీ?"

"వాసన."

"ఏం వాసనండీ?"

ఇంటికెళ్లి మా ఆవిడ కుమారికి ఇచ్చాను. ఇరవై ఏళ్లుగా నా చొక్కాలు ఉతుకుతున్న మనిషి. "వార్నిష్ వాసన కాస్త వస్తోందండీ, అంతే" అంది.

చేపల షెడ్డులో నిలబడి చేపల మనిషిని చేపవాసన వస్తోందా అని అడగడం, గోదావరిలో మునిగినవాణ్ని తడిగా ఉందా అని అడగడం లాంటిదని నాకప్పుడు తట్టలేదు. బావగారికన్నా ముందే మా మూడు ముక్కులూ రిటైరైపోయాయి.

సభ రోజు ఉదయం ఆ అయిదింటినీ నా చేతులతోనే తొడిగాను. బావగారు అద్దంలో చూసుకుని, "ఏమోయ్ సత్యం, పెళ్లిలో కూడా ఇంత మెరవలేదోయ్" అన్నారు. అక్క ముక్కు ఎగబీల్చింది.

"ఏదో వస్తోందిరా."

"వార్నిష్ అక్కా. ఎండకి పోతుంది."

ఎండకి పోలేదు. ఎండకే వచ్చింది.

షామియానా కింద, ఏప్రిల్ ఉక్కలో, ఆయన భుజాల మీద ఒకరి తర్వాత ఒకరు శాలువాలు కప్పారు. నాలుగో శాలువాకి పొలుసుల్లోని కొల్లేరు నిద్రలేచింది. ముఖ్య అతిథి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని హెడ్మాస్టరు వైపు వంగారు. ముందున్న మైకు ఆన్‌లోనే ఉంది.

"పక్కన డ్రైనేజీ ఏవన్నా ఉందాండీ?"

"అబ్బే, లేదండీ. నిన్ననే శుభ్రం చేయించామండీ."

"లేనిదాన్ని ఎలా చేయించారండీ?"

సభంతా ఘొల్లుమంది. ఇంతలో ఒక పిల్లి మెట్లెక్కి వచ్చి, ఆహ్వానం అందిన దానిలా బావగారి కాళ్ల దగ్గర కూర్చుంది. తరిమితే వెళ్లి, మరో పిల్లిని వెంటబెట్టుకొచ్చింది.

నేను రెండో వరసలోంచి సైగలు చేశాను. నా చొక్కా బొత్తాలు పట్టుకుని లాగి లాగి చూపించాను. పక్కనున్న పెద్దావిడ, "ఉక్కగా ఉంటే బయటికెళ్లి విప్పుకో నాయనా" అంది. బావగారు నన్ను చూశారు. ఆయనకి అర్థమైంది, నాకు తెలుసు. ఆయన చెయ్యి పైబొత్తాం దాకా వెళ్లింది. దాన్ని ఒక్కసారి తట్టి, చెయ్యి దించేసుకున్నారు.

ఆయన నెల్లాళ్లు కూర్చుని నాలుగు పేజీల ప్రసంగం రాసుకున్నారు. రోజూ అక్కకి చదివి వినిపించేవారట. తీరా ఆయన మైకు ముందుకొచ్చేసరికి వరసలకి వరసలే భోజనాల వైపు లేచిపోయాయి. జేబులోంచి కాగితాలు తీసి, ఖాళీ కుర్చీల వంక చూసి, మళ్లీ మడిచి పెట్టేసుకున్నారు. "అందరికీ నమస్కారం. భోంచేసి వెళ్లండి" అన్నారు. అంతే. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పిన మనిషి.

ఇంటికొచ్చాక అక్క నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఒక్క పూట తమ్ముడూ. ఒక్క పూట ఆయన మాట్లాడితే నలుగురూ వినాల్సింది" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

గుమ్మం దగ్గర బావగారిని అడిగాను. "లాగితే వచ్చేసేవే కదండీ. ఎందుకు లాగలేదు?"

ఆయన నవ్వారు. "తర్వాత చెప్తాలేవోయ్."

కనపడినప్పుడల్లా అడిగాను, ప్రతిసారీ అదే మాట. కిందటేడు గుండెపోటుతో వెళ్లిపోయారు. చెప్పకుండానే. పదకొండో రోజున అక్క నాకు విస్తరి వేయించింది గానీ కళ్లెత్తి చూడలేదు.

కాబట్టి కొల్లేటి నీళ్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఈ చేతులతో ఏ మనిషి బట్టకీ ఏ జలచరం ఒంటి మీది ముక్కనీ అంటించను. ముక్కుతో తేల్చాల్సిన విషయంలో సూరిబాబు సలహా అడగను.

ఒట్టు సరే, ప్రశ్న వదలను. కిందటి నెల మా కుమారి ఏలూరు వెళ్లి అక్కకి బీరువా సర్దడంలో సాయం చేసింది. బావగారి బట్టలన్నీ ఇచ్చేశారట, ఒక్క చొక్కా తప్ప. "వాసన నాకెలాగూ తెలీదు గానీ, మెరుపు కనిపించిందండీ" అంది. అయిదు తొడుగులూ అలాగే ఉన్నాయట. అక్క తన చీరలన్నీ వేరే అరలోకి మార్చుకుందట గానీ, వాటిని ముట్టుకోలేదట.

అక్కా, నీకు ఆ వాసన గిట్టదు. నేనంటే కోపం. లాగితే వచ్చేస్తాయి, అరక్షణం పని. బావగారు ఎందుకు తీయలేదో చెప్పకుండా వెళ్లిపోయారు. మరి నువ్వెందుకు తీయలేదు? ఈసారి పక్కకి తిరక్కు. నిన్నే అడుగుతున్నాను, జవాబు చెప్పు.