సూది లేని పరీక్ష

మా ఆవిడ నాటకాలాడుతోందని నేను ఆరు వారాలపాటు నమ్మాను. నమ్మడంతో ఆగలేదు, రుజువు కూడా చూపించాను. ఆ రుజువు నేను చేసిన మెషిన్ ఇచ్చిందే.

అప్పుడు మేం అమెరికాలో మోరిస్‌విల్‌లో ఉండేవాళ్ళం. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. పై అంతస్తు అపార్ట్‌మెంట్, లిఫ్టు లేదు. నేను పనిచేసే చిన్న కంపెనీలో వెన్నుపాము ఎలా పనిచేస్తోందో వెలుతురుతో కొలిచే మెషిన్ తయారుచేసేవాళ్ళం. వీపు మీద ఒక పట్టీ అతికిస్తాం. అందులోంచి కంటికి కనబడని కాంతి చర్మం దాటి లోపలికి పోయి, కొంత తిరిగొస్తుంది. చీలమండ దగ్గర సన్నగా కరెంటు ఇస్తే, ఆ కబురు అందిన చోట వెన్నుపాముకి రక్తం కాస్త ఎక్కువగా చేరుతుంది. వెన్నుపాము వాచే జబ్బు ఉన్నవాళ్ళకి అది ఆలస్యమవుతుంది, లేదా అసలు జరగదు. సూది లేదు, కోత లేదు. తిరిగొచ్చిన కాంతిని గ్రాఫుగా మార్చే సాఫ్ట్‌వేర్ నాది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకాన్ని కాబట్టి, అది తప్పు చెబుతుందని నాకెప్పుడూ తోచలేదు.

ఆ మార్చిలో, కార్లన్నీ పైన్ చెట్ల పుప్పొడితో పసుపు పూసుకున్న రోజుల్లో, మా ఆవిడ పాదాలు మొద్దుబారాయంది. వారం తిరిగేసరికి మొద్దుబారడం బొడ్డుదాకా పాకింది. "కాళ్ళు నావి కానట్టున్నాయండీ. నడుం చుట్టూ ఎవరో బెల్ట్ బిగించి పట్టుకున్నట్టుంది" అంది. రోజంతా సోఫాలో కూర్చుంటే అలాగే ఉంటుందన్నాను. తనకి అమెరికా నచ్చలేదనీ, పుట్టింటికి పోవడానికి సాకులు వెతుకుతోందనీ నాకు అప్పటికే ఒక గట్టి అభిప్రాయం ఉంది.

అయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూసి, మొహం చిట్లించి, ఎమ్ఆర్ఐ తీయాలి, నడుంలో సూది గుచ్చి నీరు కూడా తీయాలి, ఈ వారంలోనే, అన్నాడు. మన ఇళ్ళలో కాన్పప్పుడు నడుంలో సూది వేయించుకుని, అప్పట్నుంచీ వంగలేకపోతున్నానని చెప్పే ఆడమనిషి ఒకరుంటారు. మా ఇంట్లో అది మా వదిన, మా ఆవిడ అక్క. కార్లో కూర్చున్నాక మా ఆవిడ ఏడ్చింది.

"వెన్నులో సూది గుచ్చితే ఇంక నేను లేవనండీ. మీ మెషిన్‌తో చూడొచ్చు కదా? అదేం చెప్తే అది నమ్ముతాను."

అంత నమ్మకం నా మీద అంతకుముందు ఎవరూ పెట్టుకోలేదు. నాకు గర్వంగా అనిపించింది.

శనివారం ల్యాబ్‌లో ఎవరూ లేరు. తనని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పట్టీ అతికించాను. స్క్రీన్ మీద పసుప్పచ్చ హెచ్చరిక వచ్చింది, తిరిగొచ్చే కాంతి చాలడం లేదని. ఎందుకో నాకు తెలుసు. మా ఆవిడ నల్లగా ఉంటుంది. నల్లటి చర్మం కాంతిని తాగేస్తుంది. మేం మెషిన్‌ని సరిచూసుకున్నది మా ఆఫీసులోని తెల్లవాళ్ళ మీదా, పచ్చగా ఉంటానని మా అమ్మ మురిసిపోయే నా మీదా. ఈ లోపం ముందే కనబడితే, తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టినవాణ్ణి నేనే. పెళ్ళిచూపులప్పుడు మా వాళ్ళు ఆ రంగు చూసి గొణిగితే నోరు మూయించిందీ నేనే. ఆ తర్వాత ప్రతి గొడవలోనూ ఆ ఉపకారం తనకి గుర్తుచేసేవాణ్ణి.

హెచ్చరిక మీద ఓకే నొక్కాను. సాఫ్ట్‌వేర్ ఆ చాలీచాలని కాంతిని సాగదీసి, అందులో ఆరోగ్యవంతుల గ్రాఫు ఆకారం కోసం వెతికింది. ఫలానా ఆకారం వెతకమని ముందే చెబితే, ఉత్త పిచ్చిగీతల్లో కూడా అది దొరుకుతుంది. దొరికింది.

"నార్మల్. మెషిన్‌కి నీ మీద కోపమూ లేదు, జాలీ లేదు. ఉన్నది చెప్పింది" అన్నాను.

తను లేచి కూర్చుని స్క్రీన్ వంక చాలాసేపు చూసింది. "అయితే నాదే ఏదో తేడా" అంది. సోమవారం పొద్దున్నే ఆఫీసు పార్కింగ్ లాట్‌లోంచి ఫోన్ చేసి రెండు అపాయింట్‌మెంట్లూ క్యాన్సిల్ చేశాను.

ఆ తర్వాత జాలి పడటం మానేశాను. లాండ్రీ బుట్ట తనతోనే మెట్లు దింపించాను. రైలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే వెనక నిలబడి టైమ్ చూసుకునేవాణ్ణి. ఒకసారి స్నేహితుల ఇంట్లో, తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్‌కి వెళ్తే కాలు తడబడి పప్పు గిన్నె జారవిడిచింది. కార్పెట్ పాడైంది. నేను అందరి ముందూ అన్నాను, "మా ఆవిడ నరాలు మెషిన్‌తో టెస్ట్ చేశాన్రా. గుర్రం నరాలు. పని చెప్తేనే పడుకుంటాయి." ఒకడు, "మా ఇంట్లోనూ ఒక పేషెంట్ ఉంది, నీ దగ్గరికి పంపిస్తా" అన్నాడు. అందరూ నవ్వారు. మోకాళ్ళ మీద కూర్చుని కార్పెట్ తుడుస్తున్న మా ఆవిడ కూడా నవ్వింది.

ఆరో వారంలో ఒక పొద్దున బాత్రూమ్‌లో ఏదో పడ్డ చప్పుడైంది. "ఏవండీ, లేవలేకపోతున్నాను" అని పిలిచింది. నేను వంటింట్లోంచే "చాల్లే నాటకాలు" అన్నాను. కాఫీ పూర్తిగా తాగి, కప్పు కడిగి, అప్పుడు వెళ్ళాను. తను నేల మీద ఉంది, బట్టలు తడిసిపోయి ఉన్నాయి. రెండు చేతులతో ఒక కాలిని ఎత్తి పక్కకి పెట్టుకుంటోంది.

ఆస్పత్రిలో ఎమ్ఆర్ఐ తీసి, వెన్నుపాము కింది భాగమంతా వాచిందన్నారు. స్టెరాయిడ్ ఎక్కించారు. నడుంలో సూది కూడా గుచ్చారు. నేను తన చెయ్యి పట్టుకున్నాను, కానీ తను ఉలిక్కిపడలేదు. గుచ్చారని నేను చెబితేగానీ తనకి తెలియలేదు.

అపాయింట్‌మెంట్లు ఎందుకు క్యాన్సిల్ చేశారని డాక్టర్ అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడే చెప్పింది, సూదంటే భయపడి తనే వద్దందని. నన్ను కాపాడిందనుకుని, ఆయన వెళ్ళాక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

"ఏడవకండి. ఇది బయటపడి మీ జాబ్ పోతే వీసా పోతుంది, ఇన్సూరెన్స్ పోతుంది. నన్నెవరు చూస్తారు? అందుకే చెప్పాను" అంది.

ముందే వచ్చి ఉంటే నడిచేదా అని వరండాలో డాక్టర్ని పట్టుకుని అడిగాను. చెప్పలేం అన్నాడు. ఆ ఒక్క మాటని ఊతంగా పట్టుకుని చాలాకాలం తిన్నాను, పడుకున్నాను. మా ఆవిడకి మాత్రం చేతిలో ఏ ఊతమున్నా కాళ్ళు కదల్లేదు.

కొన్ని నెలలకి మా బాస్‌కి జరిగింది చెప్పాను. ఉద్యోగం తీసేస్తాడనుకున్నాను. ఆయన మెల్లగా, ఆవిడ పాత రీడింగ్ ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. కాంతి పెంచి, పట్టీ మార్చి, సాఫ్ట్‌వేర్ అంతా తిరగరాశాం. ఇప్పుడు ఆ మెషిన్‌ని నల్లటి చర్మం మీద, జబ్బు ఖాయమైన మనిషి మీద సరిచూడాలి. ఇంట్లో అన్నం వడ్డిస్తూ మా ఆవిడని అడిగాను. ముద్ద మింగి, "ఎప్పుడు?" అంది.

ఈసారి నేనే ఎత్తి బల్ల మీద బోర్లా పడుకోబెట్టాను. కాంతి చాలినంత వచ్చింది. చేతికి కరెంటు ఇస్తే మెడ దగ్గర అల చక్కగా లేచింది. కాలికి ఇస్తే నడుం దగ్గర గీత లేవలేదు, చివరిదాకా చదునుగా సాగిపోయింది. సరిగ్గా ఎమ్ఆర్ఐ చూపించిన చోటే. మెషిన్ పనిచేసింది. నాకు సంతోషం వేసింది. దాచుకోవాలన్న ఆలోచన కూడా రానంత సంతోషం.

మా ఆవిడ బల్ల మీద చెంప ఆనించి నన్నే చూస్తోంది.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"పెళ్ళినాడు కూడా మీ మొహం ఇంత వెలగలేదండీ" అంది. తర్వాత, ఊపిరాడటం లేదు, వెల్లకిలా తిప్పమంది.