ఖాళీ కుర్చీ మీద పసుపు గడి

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. మా నానమ్మ జిన్నుల గురించి చెబుతుంటే, జిన్నుకి జలుబు చేస్తుందా అని అడిగి తన్నులు తిన్నవాణ్ణి. ఏలూరులో మాది ఫొటో స్టూడియో. పాస్‌పోర్టు సైజులు నాన్న చూసుకుంటాడు, పెళ్ళిళ్ళు నేను చూసుకుంటాను. తెల్లవారుజాము ముహూర్తంలో పెళ్ళికూతురి మేనత్తల్ని వరసగా నిలబెట్టినవాడికి వేరే దయ్యాల భయం ఉండదు.

తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసే దేవి గారు ఫోన్ చేశారు. వాళ్ళ అమ్మగారు సత్యవతి గారు మండవల్లి అవతల, కొల్లేరు అంచున, చేపల చెరువు గట్టు మీద ఇంట్లో ఉంటారు. ఇంట్లో ముసలి కుక్క ఉంది. కిడ్నీలు పోయాయి. గూడెం పశువుల డాక్టరు ఇంక ఎక్కువ రోజులు లేవన్నాడు. అది ఉండగానే మంచి ఫొటో ఒకటి కావాలి, అమ్మకోసం.

కుక్క పేరేంటండీ అన్నాను. మేనేజరు అన్నారు.

ఆ పేరు వాళ్ళ నాన్నగారు పెట్టారట. పనేమీ చెయ్యకుండా గట్టు చుట్టూ తిరిగి అందరి మీదా అరుస్తుందని. ఆయన పోయారు. పొద్దున్నే చేపలకి మేత చల్లుతూ గట్టు మీదే కూలిపోయారు. పక్కన మేనేజరు తప్ప ఎవరూ లేరు.

ఆయనకి సరైన ఫొటో ఒక్కటీ లేదట. చివరికి ఆధార్ కార్డులోది పెద్దది చేయించి పటం కట్టించారు. ఆధార్ ఫొటోలో బతికున్నవాళ్ళే పోయినట్టుంటారు, పోయినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. సత్యవతి గారు ఆ పటం వైపు చూడరట. ఇది మా ఆయన కాదు, గవర్నమెంటోళ్ళ మనిషి అంటారట. కుక్క విషయంలో అలా జరక్కూడదని తల్లీకూతుళ్ళ పట్టుదల.

ఎండ తగ్గే వేళకి వెళ్ళాను. మా అమ్మ ముందే చెప్పింది, కుక్క నాకితే బట్టలు మార్చుకున్నాకే ఇంట్లోకి రమ్మని. మేనేజరుకి నాకేంత ఓపిక లేదు. గోనెసంచి మీద పడుంది. కళ్ళకి తెల్లటి పొర. చెవులు దాదాపు పోయాయి. వెనక కాళ్ళు లేపి చాలాకాలమైందట, దేవి గారే ఎత్తి అటూ ఇటూ పెడుతున్నారు.

ముందు, వెనక గట్టు కనబడేట్టు ఇంటి బయట ప్లాస్టిక్ కుర్చీ వేసి, అందులో సత్యవతి గారిని కూర్చోబెట్టి, పక్కన కుక్కని పెట్టి తీశాను. ఒకావిడ, ఒక గోనెసంచి, దాని మీద ఇంకో గోనెసంచి. అలా వచ్చింది.

ఆవిడ స్క్రీను చూసి తల అడ్డంగా ఊపారు. "పడుకున్నది వద్దు బాబూ. పడుకున్నది రోజూ చూస్తున్నాను. చెవులు లేపి ఇటు చూడాలి."

కుక్కని ఒక్కదాన్నే తీద్దామని ఆవిణ్ణి లేపి నా వెనక్కి రమ్మన్నాను. కుర్చీ అక్కడే ఉండిపోయింది. నేను నేలమీద బోర్లా పడుకుని ఈల వేశాను. బిస్కెట్ ప్యాకెట్టు నలిపాను. ఫోన్లో పిల్లి అరుపు పెట్టాను. ఏడుస్తున్న పెళ్ళికొడుకుని కూడా నవ్వించాను గానీ మేనేజరు దగ్గర నా విద్య పనిచెయ్యలేదు.

అప్పుడు దేవి గారు మెల్లగా అన్నారు. "నాన్నని అన్నానికి పిలిచినట్టు పిలవమ్మా. దానికే లేచేది."

మా వైపు "ఏవండీ" అన్న మాట ఎంత చవకంటే, ఆటోవాణ్ణి పిలిచినా అదే, ఆఫీసరుని పిలిచినా అదే. కానీ ఇంటి ముందు నిలబడి ఒకావిడ చెరువు వైపు గొంతెత్తి ఆ మాట అంటే దానికి ఒకటే అర్థం. భర్త పేరు నోటితో అనరు కాబట్టి ఆయన పేరే అది. ఆయన గట్టు మీద ఎంత దూరాన ఉన్నా ముందు మేనేజరుకి వినపడేదట. పంచె పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేదట. ఆయన పోయాక సత్యవతి గారు ఆ మాట మానేశారు. కొట్టువాణ్ణి కూడా "ఇదిగో బాబూ" అనే పిలుస్తారట.

ఆవిడ ఒక అడుగు ముందుకేసి నా వెనకే నిలబడ్డారు. నేను కెమెరాలో కన్ను పెట్టుకుని ఉన్నాను.

"ఏవండీ," అన్నారు. గొంతు పూర్తిగా లేవలేదు. మళ్ళీ అన్నారు. "ఏవండీ... అన్నం చల్లారిపోతోంది."

మేనేజరు చెవులు లేచాయి. తర్వాత మేనేజరే లేచింది, నాలుగు కాళ్ళ మీద. కానీ పిలుపు వచ్చిన మా వైపు చూడలేదు. వెనక్కి తిరిగి గట్టు వైపు చూసింది.

ఇక్కడ కెమెరా సంగతి ఒకటి చెప్పాలి. మనిషి ముఖం కనబడితే ఇప్పటి కెమెరాలు దాని చుట్టూ పసుపు గడి గీసి అక్కడే ఫోకస్ చేస్తాయి. కుక్కలకి వేరే సెట్టింగు ఉంటుంది. అంతకుముందు ఆవిడతో కలిపి తీశాను కాబట్టి నాది మనుషుల సెట్టింగులోనే ఉంది. కెమెరా ముందు మనిషన్నవాడు లేడు. ముగ్గురం ఇవతలే ఉన్నాం.

గట్టు మీద చిన్న పసుపు గడి వెలిగింది.

కొంగ అనుకున్నాను. కొంగ లేదు. కెమెరా పొరబడిందనుకున్నాను. పడుతుంది. పెళ్ళిళ్ళలో గుమ్మానికి కట్టిన దిష్టిబొమ్మని పెళ్ళికొడుకు కంటే ముందు పట్టేస్తుంది. కానీ దిష్టిబొమ్మ కట్టినచోటే ఉంటుంది. ఈ గడి కదిలింది. గట్టు వెంట వస్తూ, దగ్గరయ్యేకొద్దీ పెద్దదైంది. మేనేజరు తల దానితోపాటే తిరిగింది. గడి కుర్చీ దాకా వచ్చి కిందికి దిగింది, మనిషి కూర్చుంటే ముఖం ఎక్కడుంటుందో అక్కడికి. ఆగిపోయింది.

మేనేజరు కుర్చీకి ఇవతల నిలబడి తోక ఊపింది. తర్వాత, ఎవరో గడ్డం పట్టుకుని "అదుగో, అటు చూడు" అన్నట్టు, తిన్నగా లెన్సులోకి చూసింది. చెవులు నిక్కబొడుచుకుని, నోరు తెరుచుకుని. నేను బటన్ నొక్కుతూనే ఉన్నాను. భయపడే తీరిక లేదు. అటువంటి ఫొటో మళ్ళీ రాదు.

కాసేపటికి గడి పోయింది. మేనేజరు కూలబడింది. నేను వాళ్ళకేమీ చెప్పలేదు, బ్రహ్మాండంగా వచ్చిందండీ అన్నాను.

ఏలూరు వెళ్ళి కంప్యూటర్లో చూస్తే ఒక్క ఫొటోలోనూ కుక్క లేదు. అంటే ఉంది, మసగ్గా. అన్నిట్లోనూ ఫోకస్ వెనకున్న కుర్చీ మీద ఉంది. కుర్చీ వీపు మీద గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. దాని ముందు చెవులు లేపిన ఒక గోధుమరంగు మరక.

ఇంకోసారి తీద్దామని ఫోన్ చేశాను. ఆ పొద్దునే పోయిందని దేవి గారు చెప్పారు. గట్టు కింద పాతిపెట్టారట.

కెమెరాని విజయవాడ తీసుకెళ్ళి చూపించాను. ఏ దోషం లేదన్నారు. మా డాబా మీద ఖాళీ కుర్చీ వేసి, అదే సెట్టింగులో సాయంత్రమంతా చూశాను. గడి రాలేదు. పక్కింటావిడ మాత్రం మీ అబ్బాయికి పెళ్ళి చెయ్యండి అని మా అమ్మకి చెప్పింది.

ప్రింట్లు పట్టుకుని వెళ్ళాను. పోవాల్సిన పరువే కాబట్టి ఎదురుగా పోగొట్టుకుందామని. క్షమించండమ్మా, కుక్క సరిగ్గా పడలేదు అన్నాను. గడి సంగతి కూడా చెప్పేశాను. తప్పు కప్పిపుచ్చుకోవడానికి కథ అల్లుతున్నానని తిడతారనుకున్నాను.

సత్యవతి గారు తిట్టలేదు. ఫొటోలో కుక్క వైపు చూడకుండా కుర్చీనే చాలాసేపు చూశారు.

"ఆ రోజు నుంచీ మళ్ళీ పిలుస్తున్నాను బాబూ," అన్నారు. "రోజూ పిలుస్తున్నాను. వచ్చారో లేదో చెప్పడానికి అది లేదు కదా."

కుర్చీ అదే చోట వేసి ఉంది. కెమెరా తెచ్చారా అని అడిగారు. తెచ్చాను. ఒకసారి పెట్టి చూడమన్నారు. మనుషుల సెట్టింగు పెట్టి కన్ను ఆనించాను. నా వెనక ఆవిడ పిలిచారు, ఈసారి గొంతు పూర్తిగా ఎత్తి. పిలిచి ఆగారు. మళ్ళీ పిలిచారు.

కెమెరాలో గట్టు ఉంది, నీళ్ళు ఉన్నాయి, కుర్చీ ఉంది. గడి లేదు.

"వచ్చారా బాబూ?"

"బ్యాటరీ అయిపోయిందండీ," అన్నాను.

ఈసారి ఛార్జింగ్ పెట్టుకుని రమ్మన్నారు. అలాగేనండీ అన్నాను.

ఆ రోజు గడి ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. తర్వాత ఎందుకు రాలేదో అదీ తెలీదు. మండవల్లి వైపు పెళ్ళిళ్ళు ఒప్పుకోవడం మానేశాను.