మామ కారులో చల్లగాలి

టెక్కలిలో హైవే పక్కన నాకు కారు ఏసీ షెడ్డు ఉంది. నా తోడల్లుడికి పలాసలో ఉంది. నన్ను చూసే పెట్టాడు. అందుకు నాకేం కోపం లేదని అందరితో అంటుంటాను. ఉంది.

మావైపు ఒక అలవాటుంది. కారులో చల్లదనం తగ్గితే చాలు, గ్యాస్ కొట్టించేస్తారు, నీరసమొస్తే సెలైన్ పెట్టించుకున్నట్టు. గ్యాస్ ఒత్తిడి చూపే గేజీలు తగిలించి చూస్తానంటే అంత టైము లేదంటారు. నా తోడల్లుడి షాపు నడిచేదే ఆ అలవాటు మీద. గ్యాస్ కొడతాడు, టీ తెప్పిస్తాడు, నవ్విస్తాడు. వాడి మాటలు కోటలు దాటుతాయి.

మా మామది కవిటి పక్క ఊరు. కిడ్నీలు పాడై, రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మిషన్ మీంచి లేచాక ఒళ్లు తేలిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు కారులో చల్లగాలి లేకపోతే దారంతా వాంతులే. పోయిన ఎండాకాలం ఆ గాలే చల్లబడటం మానేసింది. మామ కారుని నా దగ్గరికి పంపలేదు. చిన్నల్లుడి దగ్గర గ్యాస్ కొట్టించాడు. లాభం లేకపోతే మళ్లీ అక్కడే కొట్టించాడు. మా ఆవిడ ఆ సంగతి చెప్పిన పూట నాకు అన్నం సయించలేదు. పెద్దల్లుణ్ణి, పని తెలిసినవాణ్ణి, నేను గుర్తు రాలేదా? కళ్లలో నిప్పులు పోసుకుని కూచున్నాను.

ఆదివారం నేనే సామానంతా వేసుకుని వెళ్లాను. తోడల్లుడు అప్పటికే మామ మంచం దగ్గర కుర్చీ వేసుకుని కబుర్లు చెబుతున్నాడు. నేను బానెట్ ఎత్తి, గేజీల నీలం పైపు ఒకవైపు, ఎర్ర పైపు ఒకవైపు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేశాను. గ్యాస్ తక్కువైతే రెండు ముళ్లూ కిందే ఉండాలి. రెండూ పైకి ఎగబాకాయి. నాకు కలిగిన సంతోషం చెప్పుకుంటే బాగోదు.

ముందున్న, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ మీద నీళ్లు కొట్టాను. ముళ్లు కొంత దిగి ఆగిపోయాయి. అంటే దానికి గాలి ఆడటం లేదు, పైగా లోపల గ్యాస్ ఎక్కువైంది. టార్చి వేసి చూస్తే కండెన్సర్ వెనక కొబ్బరి పీచు పొట్టు దిట్టంగా పేరుకుని ఉంది. మామ కారు పెట్టేది పీచు ఆరబెట్టే చోటు పక్కనే. ఈ సంగతంతా మంచం దాకా వినబడేలా చెప్పాను. తోడల్లుడు నొచ్చుకుంటాడనుకున్నాను. నువ్వు పెద్ద డాక్టరువి అన్నయ్యా అని నవ్వేశాడు. నాకు ఇంకా మండింది.

ఉన్న గ్యాసంతా బయటికి లాగి, పొట్టు కడిగి, తూకం ప్రకారం మళ్లీ ఎక్కించాను. గాలి చల్లగా కొట్టింది. మామ వచ్చి ముందు సీట్లో కూచుని కళ్లు మూసుకున్నాడు. ఇక నుంచి ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను, షెడ్డు సంగతి తరవాత చూసుకుంటానన్నాను. ఆయన కళ్లు తెరవలేదు.

"ఆడికి పని రాదని నాకెరుక లేదేటి అల్లుడూ? నాలుగ్గంటలు ఆ మిసను కాడ తొంగుంటాను. లెగిసి ఆడి షాపుకెల్తే కాసేపు నవ్వొత్తాది. నీ కాడికొత్తే పనైపోద్ది, అంతే."

నేను గేజీలు పెట్టెలో సర్దుకున్నాను.

ఆ రాత్రి అందరం అక్కడే ఉండిపోయాం. పొద్దున్న ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు తోడల్లుడు స్టీరింగ్ దగ్గర కూచున్నాడు, మామ పక్కన. నేను వీధిలో నిలబడ్డాను. ఏసీ బాగా పనిచేస్తోంది కాబట్టి అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. తోడల్లుడు ఏదో అన్నాడు. మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు.