రెండు మెట్ల మధ్య పెద్దమ్మ గొంతు

మొన్న బందరు రోడ్డులో ఒక హాల్లో సంగీత కార్యక్రమం ఉందంటే వెళ్ళాను. నలుగురు యువతీయువకులు లాప్‌టాప్‌లూ కీబోర్డులూ ముందేసుకుని, ఫలానా పాట అని ముందుగా అనుకోకుండా, ఒకరు వాయించింది విని మరొకరు అందుకుంటూ, మామూలుగా కీబోర్డు మెట్ల మీద దొరకని సన్నని స్వరాలను పలికించారు. బాగానే వాయించారు, ఒప్పుకుంటాను. నాకు కోపం తెప్పించింది మైకు పట్టుకున్న పెద్దమనిషి. ఎలక్ట్రానిక్ వాద్యం మీద మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న స్వరాలు పలికించడం, అదీ అప్పటికప్పుడు కలిసి అల్లుకుంటూ వాయించడం మన బెజవాడలో ఇదే మొట్టమొదటిసారి అని ఆయన ఒకటికి రెండుసార్లు ప్రకటించాడు. అందరూ లేచి వెళ్ళిపోతుంటే నేను ఎదురువెళ్ళి, ఇది మొదటిసారి కాదనీ, వీళ్ళెవరూ పుట్టకముందే మా ఇంట్లో ఈ పని జరిగిందనీ, ఆ మాట మైకులో సవరించి చెప్పాలనీ అడిగాను. "అలాగే ఆంటీ, చాలా థాంక్సండీ, టీ తీసుకోండి" అన్నాడు. నేను టీ తీసుకోలేదు. ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. నా ఈడువాళ్ళు కొందరు చదివినా చాలు, వాళ్ళకు లెక్క తెలుస్తుంది.

మా అమ్మ చిన్నతనంలోనే పోతే నన్నూ అక్కనూ పెద్దమ్మ పెంచింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వారమంతా ఆ తెల్లచీరలో నడుం విరిగేలా పనిచేసి, ఆదివారం మాత్రం జరీ అంచు నేతచీర కట్టుకుని చర్చికి వచ్చేది. ఆ రోజుల్లో మా చర్చిలో పాత కీర్తనలు పాడేటప్పుడు వాద్యం ముందు మొదలయ్యేది కాదు. ఆడవాళ్ళ వరుసలోంచి ఒకరు పాట ఎత్తితే, కాళ్ళతో తొక్కే హార్మోనియం ఆ గొంతును వెతుక్కుంటూ వచ్చి కలిసేది. ఎత్తడం పెద్దమ్మ వంతు. దాన్ని ఎవరూ ఆవిడకు అప్పజెప్పలేదు, అలా జరుగుతూ వచ్చింది, అంతే. ఆనందభైరవి రాగంలో ఉన్న కీర్తన ఏదైనా ఆవిడ పాడుతుంటే, గాంధారం అనే స్వరం దగ్గర గొంతు ఒక చోట దిగి, కాస్త ఊగి, మళ్ళీ లేచేది. ఆ చోటు హార్మోనియంలో లేదు. తెల్లమెట్టు నొక్కినా నల్లమెట్టు నొక్కినా అది వాటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. హార్మోనియం వాయించే ముసలాయనకు ఆ సంగతి తెలుసు కాబట్టి అక్కడికి రాగానే వేలు తీసేసి ఊరుకునేవాడు.

ఆయన పోయాక చర్చి పాటల బృందానికి కొత్త క్వయిర్ మాస్టారు వచ్చాడు, ఆయనతోపాటు ఒక ఎలక్ట్రానిక్ ఆర్గన్ వచ్చింది. మాస్టారికి విద్య లేదనను. నాలుగు గొంతులు విడదీసి ఇంగ్లీషు పాటలు నేర్పేవాడు, పిల్లలు చక్కగా పాడేవారు. కానీ ఆర్గన్ పలికిందే స్వరం, మిగిలిందంతా అపస్వరం అని ఆయన నమ్మకం. ఒక ఆదివారం కీర్తన మధ్యలో ఆర్గన్ ఆపి, చర్చి నిండా జనం ఉండగా, వెనక్కి తిరిగి పెద్దమ్మతో, "అమ్మగారూ, మీరు కొంచెం మనసులో పాడుకుంటారా? దేవుడికి వినపడుతుంది లెండి" అన్నాడు. జనం నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ తెలుసు, వాళ్ళలో కొందరి పెళ్ళిళ్ళకు నేను వెళ్ళలేదు కూడా. పెద్దమ్మ పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

చర్చిలో మానేస్తే మానేసింది, ఇంట్లోనూ మానేసింది. అదీ నేను తట్టుకోలేకపోయింది. బియ్యం ఏరుతూ, దుప్పట్లు మడతపెడుతూ, మా తలలు దువ్వుతూ ఎప్పుడూ ఏదో ఒకటి పాడే మనిషి. ఇల్లంతా ఒక్కసారిగా అద్దెకిచ్చిన ఇల్లులా అయిపోయింది. పోనీలే, ఆవిడకు వయసైపోయింది అని బంధువులు సర్దిచెప్పబోయారు. నేను సర్దుకోలేదు. సర్దుకునే అలవాటు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అప్పటికి నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో టెక్నీషియన్‌గా చేరాను. సోల్డరింగ్ ఇనుము పట్టుకున్న ఆడపిల్లను చూడటానికి పక్క సెక్షన్ వాళ్ళు వచ్చిపోతున్న కాలం అది. అక్క భర్త, మా బావ, ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ చేసేవాడు, మ్యూజికల్ హారన్లు బిగించడంలో ఆయనకు మంచి పేరు. పెద్దమ్మ గొంతు దగ్గరికి వచ్చే వాద్యం మనమే చేద్దాం అని నేనంటే, బావ ఎందుకు, ఏమిటి అని అడగకుండా పాత రేడియోల సామాను ఒక గోనెసంచీలో వేసుకొచ్చాడు. హారన్ల పుణ్యమా అని స్వరం పుట్టించడం ఆయనకు తెలుసు, సర్క్యూటు గీయడం నాకు తెలుసు. బిస్కెట్ల డబ్బాలో సర్క్యూటు, పాడైపోయిన హార్మోనియం నుంచి ఊడదీసిన మెట్లు, ఒక స్పీకరు. కరెంటుతో నడిపితే వోల్టేజీ పడిపోయినప్పుడల్లా శ్రుతీ పడిపోయేది. అందుకని బావ లారీ బ్యాటరీ మోసుకొచ్చి మంచం కింద పెట్టాడు. ఆ తర్వాత శ్రుతి కదల్లేదు.

పెద్దమ్మను పాడమంటే వంటింట్లోకి వెళ్ళిపోయేది. చేసేదిలేక మాకు గుర్తున్నట్టు మేమే వాయించుకునేవాళ్ళం. ఒక ఆదివారం భోజనాలయ్యాక నేను గాంధారం దగ్గర తడబడుతూ ఉంటే, లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "అది కాదే, ఇంకాస్త కిందికి" అని వినిపించింది. మేము వేరొకటి నొక్కాం. "మరీ పాతాళానికి దించావు!" కావాలనే ఇంకోసారి తప్పు వాయించాను. అప్పుడొచ్చింది బయటికి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, అలా నిలబడే ఆ ఒక్క ముక్కా పాడింది. బావ వెంటనే స్క్రూడ్రైవర్ పెట్టి స్వరాన్ని అక్కడికి తెచ్చి బిగించాడు. పని అయిపోయిందనుకుని సంబరపడి మళ్ళీ పాడమన్నాం. ఈసారి ఆవిడ గాంధారం ఇంకోచోట ఉంది.

"అత్తయ్యగారూ, ఇందాక పాడిన చోటే పాడండి మరి" అన్నాడు బావ.

"నేనేమన్నా సిటీ బస్సునా అల్లుడూ, స్టాపులోనే ఆగడానికి?"

మా పొరపాటు అప్పుడు తెలిసింది. ఆ స్వరాన్ని ఒక చోట బిగించేద్దామని చూస్తున్నాం. పైకి వెళ్ళేటప్పుడు అది ఒకచోట, కిందికి వచ్చేటప్పుడు మరోచోట, దుఃఖపు మాట మీద ఇంకెక్కడో ఉంటుంది. అందుకని బావ రేడియో వాల్యూమ్ గుబ్బ ఒకటి తెచ్చి డబ్బాకు బిగించాడు, దాన్ని తిప్పితే స్వరం రెండు మెట్ల మధ్య జారుతుంది. మెట్లు నొక్కడం నా పని, పెద్దమ్మ గొంతు వింటూ గుబ్బ తిప్పడం బావ పని. ఒక్క స్వరాన్ని ఇద్దరం కలిసి వాయించేవాళ్ళం. ఆ తర్వాతి ఆదివారాల గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఏ పాటో అనుకునేవాళ్ళం కాదు. పెద్దమ్మ ఒక చరణం ఎత్తి మధ్యలో వదిలేసేది, మేము ఎక్కడికో తీసుకెళ్ళేవాళ్ళం, ఆవిడ మమ్మల్ని దాటి ఇంకెక్కడికో వెళ్ళి, రండి చూద్దాం అన్నట్టు కనుబొమలు ఎగరేసేది. మేము చిక్కుకుపోతే ఆవిడే వచ్చి విడిపించేది. క్వయిర్ మాస్టారి కాపురం మా ఎదురింట్లోనే. ఆయన ఆ వేళకు నిద్రపోయేవాడు. ఆయన భార్య, క్వయిర్‌లో కింది గొంతు పాడే ఆవిడ, గుమ్మంలో చేటనిండా గోంగూర పెట్టుకుని గిల్లుతూ కూర్చునేది. అంత గోంగూర ఆ ఇంట్లో ఎవరు తింటారా అనుకునేదాన్ని.

మా చర్చిలో ఏడాదికొకసారి స్త్రీల ఆదివారం వస్తుంది. ఆ రోజు గంట కొట్టడం దగ్గర నుంచి ప్రసంగం దాకా, కానుకల సంచి పట్టుకోవడం దాకా అన్నీ ఆడవాళ్ళే చేస్తారు, మగవాళ్ళు వెనక వరుసల్లో కూర్చుంటారు. క్వయిర్ మాస్టారి పెత్తనం చెల్లని ఆదివారం అదొక్కటే. పెద్దమ్మ పాట ఎత్తాలనీ, మా డబ్బా వాయించాలనీ నేను స్త్రీల సమాజాన్ని వారాల తరబడి వేధించి ఒప్పించాను. పెద్దమ్మను ఒప్పించడం అంతకన్నా కష్టమైంది. మళ్ళీ జనం నవ్వితే ఇంక ఇంట్లో కూడా నోరు విప్పనని ముందే చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి. నేను పందెంలో పెట్టింది ఆవిడ గొంతునేనని తెలిసే ముందుకు వెళ్ళాను.

ఆ పొద్దున బావ బ్యాటరీ మోసుకొచ్చి డబ్బా పక్కన కూర్చోబోతుంటే మాస్టారు వెనక వరుసలోంచి లేచి వచ్చాడు.

"ఏమ్మాయ్, స్త్రీల ఆదివారం రూలు తెలుసుగా? గంట కొట్టేది కూడా ఆడవాళ్ళే. మీ బావగారు చీర కట్టుకొస్తారా ఏంటి?"

ఆయన చెప్పింది రూలు ప్రకారం సరైనదే. అందుకే నాకు ఇంకా మంట. బావ ముఖం ఎర్రబడింది, మెల్లగా వెనక్కి నడిచాడు. అక్క చంకలో ఏడుస్తున్న పసిబిడ్డ. నాకున్నవి రెండు చేతులు, అవి రెండూ మెట్లకే చాలవు. ముందు వరుసలో పెద్దమ్మ చేయి అప్పుడే పుస్తకం మూయబోతోంది. ఇంతలో మాస్టారి భార్య ఆడవాళ్ళలోంచి లేచి వచ్చింది.

"నేను తిప్పుతాను లేమ్మా. ఎన్ని ఆదివారాలు వినలేదూ" అని నాతో అని, ఆయన వైపు తిరిగి, "మీరెళ్ళి కూర్చోండి, ప్రార్థన వేళయింది" అంది.

వినడం వేరు, తిప్పడం వేరు. పెద్దమ్మ పాట ఎత్తింది, నేను అందుకున్నాను, గాంధారం రాగానే మాస్టారి భార్య గుబ్బను ఎక్కువ తిప్పేసింది. డబ్బా ఎక్కడికో జారి మూలిగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ ఆగలేదు. గొంతును ఆ జారిన చోటికే తీసుకెళ్ళి, అక్కడే కాసేపు నిలబడి, అదే అసలు దారి అన్నట్టుగా అక్కడి నుంచి మెల్లగా పైకి నడిపించుకుంటూ వచ్చింది. మాస్టారి భార్య గుబ్బ ఆ వెంటే వచ్చింది. రెండో చరణానికి ఆవిడకు చేయి కుదిరింది. మూడో చరణంలో ఆవిడే ముందు వెళ్ళి పెద్దమ్మను పిలిచింది, పెద్దమ్మ వెళ్ళింది. అంతవరకూ తల వంచుకుని కూర్చున్న ముసలమ్మలు ఒక్కొక్కరే గొంతు కలిపారు, ఒక్కొక్కరిదీ ఒక్కో గాంధారం, అన్నీ ఒకేచోట ఇమిడాయి. ఎవరూ నవ్వలేదు.

బయటికొచ్చాక మాస్టారు, "ఆడవాళ్ళ ఆదివారానికి బాగానే కుదిరింది" అన్నాడు. అంతే అన్నాడు. తర్వాతెప్పుడో చర్చి ఉత్సవానికి వేసిన ప్రత్యేక సంచికలో ఎలక్ట్రానిక్ సంగీతానికి ఆద్యుడని ఆయన ఫోటో వేసి, మా డబ్బాను 'ఇతర వాద్యములు'లో కలిపేశారు. కమిటీకి ఫిర్యాదు చేశాను. వచ్చే సంచికలో చూద్దామమ్మా అన్నారు. వచ్చే సంచిక రాలేదు. ఏదైతేనేం, పెద్దమ్మ ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి చీర మార్చుకుంటూనే పాట అందుకుంది, ఆ తర్వాత మంచం పట్టేదాకా ఆపలేదు. ఆ ఒక్క విషయంలో గెలుపు నాది, దాన్ని ఎవరికీ పంచివ్వను.

ఇప్పుడు ఏ కీబోర్డులోనైనా ఒక మీట నొక్కితే స్వరాన్ని కావలసినంత కిందికి దించుకోవచ్చట, బిస్కెట్ డబ్బాలూ లారీ బ్యాటరీలూ అక్కర్లేదు. సంతోషమే. పోయినసారి స్త్రీల ఆదివారానికి వెళ్ళాను. పాటకు వాద్యాలేవీ లేవు, ఎవరో ఫోనులోంచి ముందే రికార్డు చేసిన వాద్యాల ట్రాక్ పెట్టారు, శ్రుతి అద్దంలా ఉంది. పాట మధ్యలో ఒక పెద్దావిడ ఒక మాటను కాస్త పట్టుకుని సాగదీసింది. మా కాలంలో అయితే అందరం ఆవిడ కోసం ఆగేవాళ్ళం, ఎటు వెళ్తుందో చూసి వెనకే వెళ్ళేవాళ్ళం. ట్రాక్ ఆగలేదు, తరువాతి చరణంలోకి వెళ్ళిపోయింది, దాంతోపాటే అందరూ వెళ్ళిపోయారు. ఆవిడ చుట్టూ చూసి, తప్పు తనదే అన్నట్టు చిన్నగా నవ్వి ఊరుకుంది. మిగతా ఆరాధనంతా నాకు ఆవిడ వదిలేసిన ఆ మాటే చెవుల్లో సాగుతూ ఉంది, ఎవరూ దాన్ని అందుకోలేదు.