పెద్దమ్మ చల్లిన వాన

పెద్దమ్మ పోయిన కబురు నాకు చెప్పింది పెదనాయనే. అది చావు కబురని మాత్రం ఆయనకు తెలియదు. పోయిన నెల ఒక పొద్దున పిట్టగోడ అవతల నుంచి పిలిచి, "మీ పెద్దమ్మ ఇంకా లేయలేదు పాపా. వాన పడిందో లేదో చెప్పేవాళ్లు లేరు. నువ్వొచ్చి లేపు" అన్నాడు. నేను వెళ్లేసరికి ఆమె ఒళ్లు చల్లబడి ఉంది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

ఆమె మా అమ్మకు అక్క. పిల్లలు లేరు. నేను బడి నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో గోడ మీద గిన్నెలో సంగటి పెట్టి, పిల్లి ముట్టకుండా మూత మీద రాయి పెట్టేది.

నాలుగేళ్లుగా పెదనాయన రోజూ అడిగేది ఒక్కటే, వాన పడిందా అని. మొదట్లో ఆమె ఉన్నమాటే చెప్పేది, లేదని. అప్పుడాయన చేను చూసుకొస్తానని బయలుదేరేవాడు. దారి మరిచిపోయి ఒకసారి గార్లదిన్నె దాటి పోయాడు. సాయంత్రానికి రోడ్డు పక్కన, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా దొరికాడు. ఆ మర్నాటి నుంచి పెద్దమ్మ మాట మార్చింది. వాన పడింది, తడి కాస్త ఆరి నేల పదునుకు రావాల, రేపు విత్తుదాం అనేది. ఆయన నమ్మాలి కదా, అందుకని ఆయన లేవకముందే వాకిట్లో కళ్లాపి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చల్లేది. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే వీధిలో అన్ని నీళ్లు నేలపాలు చేస్తావేమని నేనే రెండుసార్లు కోప్పడ్డాను. "నిజం చెప్తే చేనికి పోతాడు, అబద్ధం చెప్తే అన్నం తింటాడు. నన్నేం చేయమంటావు?" అంది.

అనంతపురంలో మతిమరుపుకు క్లినిక్ ఉందని తెలిసి ఇద్దర్నీ తీసుకెళ్లాను. మందులిస్తే ఆయన మునుపటి మనిషి అవుతాడని నా ఆశ. ఎందుకొచ్చారని డాక్టరమ్మ ఒక్కొక్కరినీ అడిగింది. పెదనాయన కులాసాగా, "నాకేమీ లేదమ్మా. ఈయమ్మకే బాగలేదు. వాన పడిందంటాది, విత్తనానికి రమ్మంటే రేపంటాది. ఈమెను చూడండి" అన్నాడు. నా పేరే మరిచిపోయే మనిషి అది మాత్రం ఎలా గుర్తుపెట్టుకున్నాడో నాకిప్పటికీ అంతుపట్టదు. పెద్దమ్మ తల వంచుకుని, "మందులకు రాలేదు తల్లీ. ఈయప్పకు అబద్ధం చెప్పచ్చునా, పాపమవుతాదా, అది అడుగుదామని వచ్చినా" అంది.

ఈ జబ్బును పూర్తిగా పోగొట్టే మందు లేదని, ఆయన నెమ్మదిగా ఉంటాడంటే ఆ మాట చెప్పడంలో తప్పు లేదని డాక్టరమ్మ అంది. తర్వాత పెద్దమ్మను చూస్తూ, నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందని అడిగింది. ఆ మాట మేమెవరం ఎప్పుడూ అడగలేదు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బీపీ ఎక్కువగా ఉంది, గుండె పరీక్షలకు మళ్లీ రమ్మన్నారు. ఆమె పోలేదు. ఈయన్ను ఎవరి దగ్గర వదిలి పోవాలనేది. నా దగ్గర వదులు అని నేనెందుకు అనలేదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. ఆ రోజు నేను తీసుకెళ్లిన ఇద్దరిలో రోగి ఎవరు? పెదనాయన చెప్పిందే నిజమేమో.

ఆమె పోయిందని ఆయనకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ అప్పుడే విన్నట్టు ఏడ్చాడు. నాలుగోసారి నాకు నోరు రాలేదు.

దినాలైన మర్నాడు, ఆయన లేవకముందే వాకిట్లో నీళ్లు చల్లాను, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. ఆయన వచ్చి బొటనవేలితో నేలను నొక్కి చూశాడు.

"బాగా పడిండాదే. మీ పెద్దమ్మను పిలువు. నేను గొర్రు తోలితే విత్తనం వేసేది ఎవరు?"

"నేల ఇంకా పదునుకు రాలేదు పెదనాయనా. రేపు" అన్నాను.

సరేనని అరుగు మీద కూర్చుని ఆ తడి వైపే చూస్తున్నాడు. ఎండ ఎక్కి వాకిలి ఒక పక్క నుంచి ఆరుతోంది. బిందెలో ఇంకెన్ని నీళ్లున్నాయో వంగి చూసుకున్నాను.