వానరోజు వేడినీళ్లు

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంటి పక్కనుండే తెలుగాయన రిటైరయిన ఇంజనీరు. నేను ఐదో తరగతి దాటనివాణ్ణి. లైబ్రరీ పుస్తకాల్లో బొమ్మలు చూసి, రాగి గొట్టాలకు నల్లరంగు పూసి, పైన పాత కిటికీ అద్దం బిగించి, ఆయన పెరట్లో ఎండకు నీళ్లు కాగే పెట్టె కట్టాను. దాన్ని ఆయన గరాజ్‌లోని పాత గీజరు ట్యాంకుకు కలిపి, ఆ ట్యాంకు కరెంటు తీగ నా చేత్తోనే ఊడదీశాను.

ఆయన రోజూ కుళాయి కింద మణికట్టు పెట్టి, కళ్లు మూసుకుని, "కాలుతోంది మాస్టారూ. మా కాలేజీలో ఇది చెప్పనేలేదు" అనేవాడు. వేసవంతా ఆ మాటకు పొంగిపోయాను.

ఒకసారి మూడు రోజులు ముసురు పట్టింది. అప్పుడూ మణికట్టు పెట్టి అదే మాట అన్నాడు. నేనూ చెయ్యి పెట్టి చూశాను, నిజంగానే కాలింది. అనుమానమొచ్చి గరాజ్‌లోకి వెళితే, తీగ మళ్లీ బిగించి ఉంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఫస్ట్ వీక్ నుంచే. గోరువెచ్చగా కూడా రాలేదు. ఈ వయసులో మీరు డిసప్పాయింట్ అవుతారని ఆన్ చేసేశాను. ఏమనుకోకండి మాస్టారూ."

అదే ఇంకో ఇంజనీరు కట్టి ఉంటే, ఆయన తప్పు మొహం మీదే చెప్పేవాడు.

నా పెట్టె విప్పి తెచ్చుకున్నాను. వేడినీళ్లు పైకే పోతాయి. నేను ట్యాంకును పెట్టె కంటే కింద ఉంచాను. ఆ తప్పు కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. పెట్టెను మా అమ్మాయి పెరట్లో పెట్టి, ఇంకో ట్యాంకు తెచ్చి ఇంటి వెనకున్న ఎత్తయిన చెక్క డెక్ మీదికెక్కించాను. ఎండ కాసిన రోజున కుళాయి తిప్పి, నా మణికట్టే పెట్టి చూసుకున్నాను. కాలింది. ఆయన్ని పిలవలేదు.